పన్నెండు బోరు ఒంటిగుండు తూటా

షాట్‌గన్ గొట్టంలోంచి గుప్పెడు రవ్వలకు బదులు ఒకే ఒక్క పెద్ద సీసపు గుండును పంపే తూటాకు స్లగ్ అని పేరు. తెలుగులో ఒంటిగుండు అనుకోవచ్చు. కౌజుల మీదికీ కుందేళ్ళ మీదికీ రవ్వలు చల్లడానికి పుట్టిన తుపాకితోనే అడవిపంది, దుప్పి అంతటి జంతువును కొట్టాల్సి వచ్చినప్పుడు మనిషి పన్నిన ఉపాయమిది. గొట్టం లోపల నునుపుగా ఉంటే ఒకరకం గుండు నప్పుతుంది, మర తిరిగిన గాళ్ళు ఉంటే ఇంకోరకం నప్పుతుంది. ఈ తేడా పట్టించుకోకుండా పెట్టె మీది ధర చూసి కొన్నవాడు రెండుసార్లు నష్టపోతాడు: ఒకసారి అంగట్లో, ఇంకోసారి చేనులో.

కర్ణాటక చిక్కబళ్ళాపురం జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న తాలూకాల్లో చింతామణి ఒకటి, బాగేపల్లి ఒకటి. చింతామణి తాలూకా బట్లహళ్ళి వైపు ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం కన్నడం. రాగి, వేరుశెనగ, మొక్కజొన్న, టమాటా, పట్టుపురుగుల కోసం మల్బరీ పండే మెట్టనేల. చేల మధ్యలోంచి ఏనుగుల మంద పడుకున్నట్టు నల్లరాతి గుట్టలు లేస్తాయి. ఆ గుట్టల పొదల్లో పగలు పడుకుని రాత్రి చేలల్లోకి దిగేది అడవిపంది. ఈ ప్రాంతంలో తుపాకి లైసెన్సు గురించీ తూటా గురించీ మాట వచ్చిందంటే దాని వెనక చాలాసార్లు ఉండేది ఆ పందే. అందుకే ఈ వ్యాసం ఒంటిగుండు సంగతిని ప్రపంచమంతా తిప్పి, చివరికి ఆ గుట్టల దగ్గరికే తీసుకొస్తుంది.

బోరు లెక్క

పన్నెండు బోరు అంటే పన్నెండు మిల్లీమీటర్లని చాలామంది పొరపడతారు. ఇది పాతకాలపు తూకం లెక్క. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్కటి ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో ఆ గొట్టం పన్నెండు బోరు. ఆ గుండు తూకం సుమారు 37.8 గ్రాములు, గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదహారు గుండ్లుగా పోస్తే పదహారు బోరు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్నమాట. ఈ పేరులోనే ఒక చరిత్ర దాగి ఉంది. షాట్‌గన్ కొలతే ఒంటిగుండు కొలత. రవ్వలు తర్వాత వచ్చి ఇల్లు ఆక్రమించుకున్నాయి, అసలు కాపురం గుండుదే.

1791లో ఇంగ్లీషు కంపెనీ సేనలు టిప్పు సుల్తాను చేతిలోని నందిదుర్గాన్ని ముట్టడించినప్పుడు సిపాయిల భుజాల మీద ఉన్న బ్రౌన్ బెస్ తుపాకి గొట్టం వ్యాసం 0.75 అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. నేటి పన్నెండు బోరుకు అది అన్న వరస. ఆ తుపాకిది నునుపు గొట్టం, అందులో పడే గుండు గొట్టం కంటే కాస్త చిన్నది. మందు మసి పేరుకున్నా గుండు సులువుగా దిగాలని అలా వదులుగా పోసేవాళ్ళు. వదులు గుండు గొట్టం గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ బయటపడుతుంది. చివరిసారి ఏ గోడకు తగిలిందో ఆ తాకిడిని బట్టి దాని దారి. వంద గజాల అవతల ఒక్క మనిషికి గురి పెట్టి కొట్టడం కష్టం గనకనే సిపాయిలను వరసగా నిలబెట్టి ఒక్కసారిగా కాల్పించేవారు.

గొట్టంలో గాళ్ళు

బొంగరం తిరుగుతున్నంతసేపూ నిలబడుతుంది, ఆగితే పడుతుంది. గొట్టం లోపల మెలికలు తిరుగుతూ పోయే గాళ్ళు కోస్తే, వాటిని పట్టుకున్న గుండు తన చుట్టూ తాను తిరుగుతూ బయటికొస్తుంది. దారి తప్పదు, ముక్కు ముందుకే ఉంటుంది. ఈ గాళ్ళ పనినే రైఫిలింగ్ అంటారు. తిరుగుడుకూ దారికీ ఉన్న సంబంధాన్ని బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు 1742లో అచ్చయిన తన పుస్తకంలో శాస్త్రంగా వివరించాడు.

రైఫిలుకు గాళ్ళు, షాట్‌గన్‌కు నునుపు. శతాబ్దాలపాటు ఈ పంపకం ఇలాగే సాగింది. దీన్ని చెరిపినవాడికి మన దేశంతో సంబంధం ఉంది. జార్జ్ విన్సెంట్ ఫాస్‌బరీ బెంగాల్ సైన్యపు అధికారి; 1863లో వాయవ్య సరిహద్దున జరిగిన అంబేలా దండయాత్రలో విక్టోరియా క్రాస్ పొందాడు. అతను 1885లో ఒక కొత్తరకం గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టమంతా నునుపే, మూతి దగ్గరి కొద్ది అంగుళాలలో మాత్రం గాళ్ళు. అందులో రవ్వల తూటా వేస్తే రవ్వలు మామూలుగానే పోతాయి, గుండు వేస్తే ఆఖరి క్షణంలో మెలిక పడుతుంది. లండన్ తుపాకుల కంపెనీ హాలండ్ అండ్ హాలండ్ దీన్ని పారడాక్స్ అన్న పేరుతో అమ్మింది. పేరు బాగానే కుదిరింది, రెండూ కానిదీ రెండూ అయినదీ అది. ఉదయం కౌజులు, సాయంత్రం పులి అన్నట్టు తిరిగే వలస కాలపు వేటగాళ్ళకూ సంస్థానాధీశులకూ ఒకే తుపాకి రెండు పనులూ చేసిపెట్టేది. చౌక మాత్రం కాదు. దాని గుండు కూడా దానికోసం ప్రత్యేకంగా పోసిందే. గాళ్ళున్న గొట్టానికి తగిన గుండు కొనాల్సిందేనన్న పాఠం అప్పటినుంచే ఉందన్నమాట.

మూతి నుంచి మొదలుదాకా గాళ్ళున్న షాట్‌గన్ గొట్టం విరివిగా వాడుకలోకి వచ్చింది 1980ల అమెరికాలో. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయి, అయోవా లాంటి బల్లపరుపు రాష్ట్రాల్లో దుప్పులు ఎక్కువ, ఊళ్ళు దగ్గర దగ్గర. రైఫిల్ గుండు మైళ్ళు పోతుందన్న భయంతో అక్కడ దుప్పి వేటకు షాట్‌గన్‌నే అనుమతించేవారు. చట్టం షాట్‌గన్ అంది, వేటగాడికి రైఫిల్ గురి కావాలి. ఈ రెండింటి మధ్య ఇరుకులోంచే గాళ్ళ గొట్టం పుట్టింది, దాని వెనకే ఖరీదైన తూటాలూ పుట్టుకొచ్చాయి. 2014 నుంచి ఒహాయో లాంటి చోట్ల కొన్నిరకాల రైఫిల్ తూటాలను అనుమతించాక ఈ గొట్టానికి గిరాకీ తగ్గింది.

మూడు రకాల గుండు

జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకే 1898లో తయారుచేసిన గుండు ఆధునిక స్లగ్‌లలో మొదటిది. గట్టి సీసం ముద్ద, ఒంటినిండా వాలుగా తీర్చిన పట్టీలు, వెనకవైపు మరతో బిగించిన ఉన్ని బిళ్ళ. ఆ బిళ్ళ గుండుతోనే ఎగురుతుంది. ముందు బరువు, వెనక తేలిక. బాణానికి ఈక ఏ పని చేస్తుందో ఈ గుండుకు ఆ బిళ్ళ ఆ పని చేస్తుంది. పన్నెండు బోరులో దీని పాత నమూనా 31.5 గ్రాములు. గట్టిది గనక పంది తోలూ ఎముకా దాటి లోపలికి దిగుతుంది.

రెండోది అమెరికా సరుకు. కార్ల్ ఫాస్టర్ 1931లో రూపొందించాడు, విన్‌చెస్టర్ కంపెనీ 1936 నుంచి అమ్మింది. మెత్తని సీసపు గుండు, వెనక బోలు. బోర్లించిన పిడతను ఊహించుకుంటే దాని ఆకారం తెలుస్తుంది. బరువంతా ముక్కులో ఉంది గనక తిరగకపోయినా ముక్కు ముందుకు పెట్టే పోతుంది. దీని ఒంటి మీద కూడా వాలు గీతలుంటాయి. అవి చూసి దీన్ని రైఫిల్డ్ స్లగ్ అని పిలుస్తారు. కొనేవాణ్ణి తప్పుదారి పట్టించే పేర్లలో ఇంతటిది మరొకటి లేదు. గాళ్ళు గుండు మీద ఉన్నాయి కాబట్టి గొట్టంలో అక్కర్లేదని ఒకరు, గాళ్ళ గొట్టానికే ఇది అని ఇంకొకరు అర్థం చేసుకుంటారు. ఇది నునుపు గొట్టం కోసం చేసిన గుండు. గీతల వల్ల గుండు పెద్దగా తిరగదు. గొట్టం మూతి దగ్గర ఇరుకుగా ఉంటే, అంటే చోక్ ఉంటే, ఆ గీతలు నలిగి గుండుకు దారి ఇస్తాయి. వాటి అసలు ఉపయోగం అంతే.

మూడోది సాబో. ఫ్రెంచిలో ఆ మాటకు చెక్క చెప్పు అని అర్థం, మన పాంకోడు లాంటిదే. గొట్టం కంటే చాలా సన్నని గుండుకు ప్లాస్టిక్ పాంకోడు తొడుగుతారు. గొట్టంలో గాళ్ళను పట్టుకునేది ఆ ప్లాస్టిక్కే, సీసం కాదు. మూతి దాటగానే పాంకోడు రెండు చెక్కలుగానో రేకులుగానో విచ్చుకుని రాలిపోతుంది, సన్నగుండు తిరుగుతూ ముందుకు సాగుతుంది. మామూలు పన్నెండు బోరు గాళ్ళ గొట్టంలో సుమారు 35 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. సెకనుకు 475 మీటర్ల వేగంతో వెళ్ళే గుండు ఆ లెక్కన నిమిషానికి 32 వేల చుట్లు తిరుగుతున్నట్టు. ఆ తిరుగుడు వల్లే సాబో గుండు 150 గజాల దాకా నమ్మకంగా పోతుంది. నునుపు గొట్టంలో ఫాస్టర్ గుండుకు 50, మహా అయితే 75 గజాలు.

ఇప్పుడు వీటిని తారుమారు చేసి చూద్దాం. సాబో తూటాను నునుపు గొట్టంలో వేస్తే పాంకోడు తిరగదు, సమంగా విడిపోదు, సన్నగుండు పల్టీలు కొడుతూ పోతుంది. గురి కాగితం మీద గుండ్రటి చిల్లు బదులు పొడుగాటి చీలిక పడుతుంది, రూపాయి బిళ్ళను అంచు మీదుగా గుచ్చినట్టు. అది చూస్తే చాలు, గుండు అడ్డంగా వచ్చి తగిలిందని అర్థం. ఖరీదైన తూటా చవకదానికంటే అధ్వాన్నంగా పనిచేసే సందర్భం ఇదే.

దీనికి తిరగబడింది, ఫాస్టర్ గుండును గాళ్ళ గొట్టంలో వేయడం. గాళ్ళ గొట్టం కొన్నవాడు చౌక తూటా కోసం వెతుకుతూ చివరికి చేరుకునేది ఇక్కడికే. ప్రమాదం లేదు, పేలుతుంది, యాభై గజాల్లో చాలాసార్లు బాగానే తగులుతుంది కూడా. కానీ బోలు వెనకభాగం మందు ఒత్తిడికి ఉబ్బి మెత్తని సీసం గాళ్ళలో రాసుకుంటుంది. పది పదిహేను తూటాల తర్వాత గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే గాళ్ళ అంచుల వెంట బూడిదరంగు పొరలు, పాత గిన్నె అడుగున మాడు పట్టినట్టు కనిపిస్తాయి. గాళ్ళు పూడేకొద్దీ గురి చెదురుతుంది. అప్పుడు ఇత్తడి బ్రష్షూ నూనే పట్టుకుని కూర్చోవాలి, సాయంత్రమంతా.

రవ్వల తూటాను గాళ్ళ గొట్టంలో వేస్తే ఇంకో వింత. రవ్వలు కూడా తిరుగుతూ బయటికొచ్చి, తిరుగుడు విసురుకు చుట్టూ చెదిరిపోతాయి. కాగితం మీద పడే అచ్చు మన మినప్పవడే: చుట్టూ రవ్వలు, నడిమధ్య చిల్లు. గురి పెట్టింది ఆ చిల్లుకే గనక జంతువుకు తగిలేది దైవాధీనం. పారడాక్స్ గొట్టంలో మూతి దగ్గర కొద్దిపాటి గాళ్ళే ఉంచింది ఈ గొడవ తప్పించడానికే.

చౌక అంటే ఎంత

అమెరికా అంగళ్ళలో ఫాస్టర్ తూటా కంటే సాబో తూటా ధర ఇంచుమించు మూడు నాలుగు రెట్లు. ఐదేసి తూటాల పెట్టెలుగా అమ్ముతారు, పెట్టె ధర పక్కపక్కన చూసినవాడి చెయ్యి ఫాస్టర్ వైపే పోతుంది. ఆ చెయ్యి తప్పు చేసిందో లేదో దూరం చెబుతుంది. ఒక ఔన్సు, అంటే 28.35 గ్రాముల ఫాస్టర్ గుండు సెకనుకు సుమారు 1,560 అడుగుల వేగంతో బయల్దేరితే వంద గజాల దగ్గర ఆ వేగం వెయ్యి అడుగుల లోపుకు పడిపోతుంది, ధ్వని వేగం కంటే కూడా తక్కువ. బయల్దేరినప్పటి శక్తిలో మిగిలేది నూటికి నలభై పాళ్ళు. లావాటి మొద్దు ముక్కు గాలిని చీల్చలేదు, తోసుకుంటూ పోతుంది. యాభై గజాలకు సరిచేసిన గురి వంద గజాల దగ్గర ఇంచుమించు ఐదారు అంగుళాలు కిందికి దిగుతుంది. కాబట్టి యాభై గజాలు దాటి కొట్టని మనిషికి సాబో డబ్బు దండగ. వంద దాటి కొట్టాలనుకునేవాడికి ఫాస్టర్ దండగ, పైగా గాయపడి తప్పించుకున్న జంతువు పాపం అదనం.

గాళ్ళ గొట్టం ఉండి, దూరం తక్కువై, చేతిలో డబ్బూ తక్కువైతే మధ్యదారి బ్రెన్నెకే రకం. గట్టి సీసం గనక గాళ్ళలో తక్కువగా రాసుకుంటుంది, నునుపు గొట్టంలోనూ గాళ్ళ గొట్టంలోనూ పనిచేస్తుంది. ధర ఫాస్టర్ కంటే ఎక్కువ, మంచి సాబో కంటే చాలాసార్లు తక్కువ. ఈ రచయిత ఓటు దానికే.

అయితే ఏ ఓటూ గొట్టం ఓటు ముందు నిలవదు. ఒకే కంపెనీ, ఒకే నమూనా తుపాకులు రెండింటిలో ఒకే తూటా వేసినా ఒకదాంట్లో గుండ్లు అరచేతిలో పట్టేంత దగ్గరగా పడితే ఇంకోదాంట్లో చేటంత వెడల్పున పడొచ్చు. అందుకే అనుభవజ్ఞులు ముందే పెట్టెలు పెట్టెలు కొనిపెట్టుకోరు. రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె చొప్పున తెచ్చి, లైసెన్సున్న షూటింగ్ రేంజిలో తుపాకిని ఇసుక సంచుల మీద ఆనించి, యాభై గజాల కాగితం మీద రకానికి మూడు గుండ్లు పేలుస్తారు. రకం మార్చినప్పుడల్లా గొట్టం తుడుస్తారు. లేకపోతే మొదటి రకం వదిలిన సీసం మీద రెండో రకం పరుగెత్తుతుంది, పరీక్ష అబద్ధం చెబుతుంది. గుండుకూ గుండుకూ మధ్య గొట్టాన్ని చల్లారనిస్తారు. మూడు చిల్లులూ ఎంత దగ్గరగా పడ్డాయన్నదే చూస్తారు, కాగితం మధ్యలో పడ్డాయా అన్నది కాదు. మధ్యకు తేవడం గురి బిళ్ళ తిప్పితే అయ్యే పని. అన్నిటికంటే దగ్గరగా పెట్టినవాటిలో అన్నిటికంటే చౌకది ఏదో, ఆ గొట్టానికి అది చౌక తూటా. ఆ పరీక్ష ఖర్చు కలుపుకుని కూడా.

ఇంకో ఖర్చు లెక్కలో రాదు. ఒంటిగుండు తూటా భుజాన్ని గట్టిగా తంతుంది. పది పేల్చాక మనిషికి తెలియకుండానే మీట నొక్కేముందు కళ్ళు మూసుకోవడం మొదలవుతుంది. అప్పుడు కాగితం మీద చెదిరిన చిల్లులకు తూటాను తిట్టుకోవడం న్యాయం కాదు. 24.8 గ్రాముల తేలిక గుండ్లూ, తగ్గించిన మందుతో వచ్చే తూటాలూ ఉన్నాయి, అలవాటుకు అవే మేలు.

గది కొలత

గురి తప్పితే జంతువు తప్పించుకుంటుంది, గది కొలత తప్పితే మనిషే తప్పించుకోలేడు. తూటా కూర్చునే గది పొడవు గొట్టం మీద చెక్కి ఉంటుంది. 65 మిల్లీమీటర్ల గదులు పాత ఇంగ్లీషు జోడుగొట్టాల తుపాకుల్లో ఎక్కువ, 70 మిల్లీమీటర్లు నేటి మామూలు కొలత, 76 మిల్లీమీటర్లు మూడంగుళాల మాగ్నం. పొడుగు తూటా పొట్టి గదిలోకి ఇబ్బంది లేకుండా దూరుతుంది, అదే మోసం. తూటా కొస మడత విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరిగిపోతుంది. తాతల నాటి జోడుగొట్టాల తుపాకిని అటక మీంచి దింపి అంగట్లో దొరికిన తూటా తోసేవాళ్ళు ముందు ఆ అంకె చదవాలి. మూతి దగ్గర బిగువు చోక్ ఉన్న పాత గొట్టాల్లో ఒంటిగుండు వేసేముందు తుపాకి మేస్త్రీకి చూపించడం తెలివైన పని. కొన్ని పాత తుపాకుల్లో ఒక గొట్టం బిగువు, రెండోది వదులు. ఒంటిగుండుకు వదులుదే నప్పుతుంది.

చట్టం గీసిన గీత

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షనులో ఒక వెసులుబాటు ఉంది. ఆత్మరక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నునుపు తుపాకి అడిగిన పౌరుడికీ, నిజంగా పంట కాపాడుకోవడానికి మూతిలోంచి మందు కూరే తుపాకి అడిగిన రైతుకూ, అభ్యంతరాలేవీ లేకపోతే లైసెన్సు ఇవ్వాలని అది చెబుతుంది. మూతి మందు తుపాకి పంట కాపలాకు చాలదని అధికారికి తోస్తే వేరే నునుపు తుపాకికి కూడా అనుమతించవచ్చు. మిగతా తుపాకులకు తగిన కారణం చూపించి ఒప్పించాలి. ఆ సెక్షనులో బరువంతా నునుపు అన్న మాట మీదే ఉంది. మర గాళ్ళున్న గొట్టం ఆ వెసులుబాటులోకి రాదు. అంటే అమెరికా రైతు చట్టం చెప్పిన షాట్‌గన్ అనే మాటలో దూరడానికి కొనుక్కునే గాళ్ళ గొట్టమే మన రైతును చట్టం ఇచ్చిన సులువు దారిలోంచి బయటికి నెడుతుంది. బట్లహళ్ళి వైపు ఒంటిగుండు ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే తేలిపోతుంది: లైసెన్సు తుపాకి నునుపుది, కాబట్టి సాబోకు చోటు లేదు, కాబట్టి ఖరీదైన తూటా గురించి బెంగా లేదు.

ఉన్న గొట్టాన్ని ఊళ్ళో లేతు మిషను మీద పెట్టి మార్పించుకోవడం మాట ఎత్తకూడదు. లైసెన్సు లేకుండా తుపాకిని మార్చడమూ గొట్టం కత్తిరించడమూ నేరాలు. ఇంట్లో గుండు పోసి పాత డొక్కల్లో నింపడం కూడా ఆ వరసలోదే. పైగా మందు తూకంలో గింజంత తేడా చేతివేళ్ళ ఖరీదు.

తుపాకి లైసెన్సు కోసం చిక్కబళ్ళాపురం డిప్యూటీ కమిషనర్ (డీసీ) ఆఫీసుకు అర్జీ వెళ్ళాలి, పోలీసు విచారణ రావాలి. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర పెట్టుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. అంగట్లో కొన్నప్పుడల్లా ఆ పుస్తకంలో పద్దు పడుతుంది. 2019 సవరణతో ఒక మనిషికి తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే సాధారణంగా తుపాకిని ఠాణాలో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. ఆ నెలల్లో వేరుశెనగ ఊడలు దిగుతున్నా పందికి కోడ్ వర్తించదు.

తూటా దేశంలో తయారయ్యేది ప్రధానంగా పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారంలో. 1869లో పుట్టిన ఆ కర్మాగారం 2021 అక్టోబరు 1 నుంచి మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. శక్తిమాన్ పేరుతో అది చేసే పన్నెండు బోరు తూటాల మీద ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, నాలుగో నంబరు అని ఉంటుంది. అవన్నీ రవ్వల సైజులు. ఎల్‌జీ అంటే వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని పెద్ద గుళ్ళు, నంబరు పెరిగేకొద్దీ రవ్వ చిన్నది. విదేశీ స్లగ్ రావాలంటే దిగుమతి అనుమతీ సుంకమూ దాటాలి. అమెరికాలో చౌకైన ఫాస్టర్ ఇక్కడికొచ్చేసరికి చౌక కాదు. అందుకే పంట కాపలా తుపాకిలో సాధారణంగా పడేది ఎల్‌జీయే, ఒంటిగుండు కాదు. ముప్పై నలభై గజాల్లో దానికి వంక పెట్టడానికి లేదు. ఆ దూరం దాటితే గుళ్ళు విడిపోయి ఒకటో రెండో తగిలి పంది గాయంతో పొదలో దూరుతుంది, గాయపడిన పంది వెంట టార్చిలైటుతో పొదలోకి వెళ్ళడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

గుండు పోతే ఎక్కడిదాకా

తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. ఇవి రెండు వేరు కాగితాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. 11వ సెక్షను కింద ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడో ఆయన అధికారమిచ్చిన అధికారో, జంతువు మనుషులకు గానీ ఆస్తికి గానీ, చేలో నిలిచిన పైరుతో సహా, ప్రమాదకరంగా మారిందని తేల్చుకుని రాతపూర్వకంగా అనుమతిస్తేనే కొట్టాలి. కొట్టిన జంతువు ప్రభుత్వ ఆస్తి, కూర కాదు. గుట్టల్లోని ఎలుగుబంటీ చిరుతా నెమలీ మొదటి షెడ్యూలువి, వాటి జోలికి పోకూడదు. పక్కనున్న కేరళ 2022లో పంచాయతీ అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి, లైసెన్సు తుపాకిగలవాళ్ళ చేత పందులను కొట్టించే అధికారాన్ని ఊరి దగ్గరికి తెచ్చింది. కర్ణాటకలోనే కొడగు సంగతి మరీ ప్రత్యేకం. అక్కడి కొడవలకూ జమ్మా భూములున్నవాళ్ళకూ తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, 2019లో దాన్ని మరో పదేళ్ళకు పొడిగించారు. కైల్ పోదు పండగనాడు వాళ్ళు తుపాకులకు పూలు పెట్టి పూజ చేస్తారు. చింతామణి రైతుకు అలాంటి మినహాయింపు లేదు.

అనుమతి ఉండి, తుపాకీ ఉండి, స్లగ్ కూడా దొరికిందనుకుందాం. అప్పుడు నేలను చూడాలి. షాట్‌గన్ గుండు దగ్గర్లోనే పడిపోతుంది, రైఫిల్‌దే దూరం పోతుందన్న నమ్మకం మీదే అమెరికా చట్టాలు నిలబడ్డాయి. పెన్సిల్వేనియా శాసనసభ కోసం 2007లో చేసిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. నేలకు సమాంతరంగా పేల్చినప్పుడు సన్నని రైఫిల్ గుండు నేలకు తగిలి ఎక్కువగా చిట్లి శక్తి పోగొట్టుకుంటుంది. లావాటి స్లగ్ ముద్దగా మిగిలి, ఎగిరి, ఇంకా ముందుకు పోతుంది. అలాంటప్పుడు స్లగ్ ఆగేచోటు రైఫిల్ గుండు ఆగేచోటు కంటే దూరంగా కూడా ఉండొచ్చని తేలింది.

అది పెన్సిల్వేనియా మట్టి మీద. చింతామణి, బాగేపల్లి నేలలో జానెడు ఎర్రమట్టి కింద నల్లరాయి, చేను గట్టు నల్లరాయి, గుట్ట నిలువునా నల్లరాయి. ఎల్‌జీ గుళ్ళు రాతికి తగిలినా ఎగురుతాయి, కానీ ఒక్కొక్కటి ఐదారు గ్రాముల లోపే, తొందరగా అలిసిపోతాయి. 28 గ్రాముల సీసపు ముద్ద వాలు బండను రాసుకుంటే ఏ దిక్కుకు మళ్ళుతుందో పేల్చినవాడికి తెలియదు. అవతలి గట్టు మీద టమాటా చేనుకు రాత్రి కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి వచ్చిన మనిషి ఉండొచ్చు. ఇక్కడ ఒంటిగుండు పేల్చదగిన చోటు ఒక్కటే. మంచె మీంచి కిందికి, పంది వెనక మెత్తటి దుక్కి ఉన్నప్పుడు. మంచె ఎత్తు వల్ల గుండు నేలలోకి దిగుతుంది, దుక్కిమట్టి దాన్ని మింగుతుంది. మంచె మీంచి చేలో పందికి దూరం మామూలుగా నలభై గజాలు మించదు. ఆ దూరానికి నునుపు గొట్టమూ మామూలు గుండూ సరిపోతాయి.